అమ్మవారు చెట్లు లెక్కపెట్టే రోజు

తొకుజిరో మంచివాడు. ఈ మాట ముందే చెప్పి ఉంచడం మేలు, ఎందుకంటే సగం విన్నాక మీకు అనుమానం రావచ్చు. ఎవరింటి కప్పు మీద మంచు బరువెక్కినా, పార భుజాన వేసుకుని పిలవకుండా వెళ్ళేది అతనే. ఒంటరి ముసలమ్మలకి కట్టెలు కొట్టిపెట్టేదీ అతనే. యాభై నాలుగేళ్ళ వయసులో ఊళ్ళో ఎవరితోనూ మాట పట్టింపు లేదు. ఒక్క ఎయ్‌సాకు పేరు వినిపిస్తే మాత్రం కడుపులో ఎవరో కుంపటి రాజేసినట్టుండేది.

ఎయ్‌సాకు వాగు అవతలి ఇంటివాడు. తొకుజిరో భార్య హత్సుయెకి పెదనాన్న కొడుకు కాబట్టి వరసకి బావ. ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు. బడిలో ఒకే బల్ల మీద కూచుని ఒకే పంతులి చేత చెవులు పిండించుకున్నారు. ఇద్దరి తండ్రులూ కొండలో బొగ్గు కాల్చి బతికినవాళ్ళే. తరవాత కింద పట్నంలో వంటగ్యాస్ వచ్చింది. బొగ్గు అడిగే దిక్కు లేకపోయింది. మా ఊరి బట్టీలు ఒకదాని వెనక ఒకటి చల్లారిపోయాయి.

అప్పుడు అందరికంటే ముందు తేరుకున్నవాడు తొకుజిరో. జిల్లా కేంద్రానికి పోయి వారం రోజులు నేర్చుకొచ్చి, ఓక్ దుంగల మీద షీతాకే పుట్టగొడుగులు పెంచడం మొదలుపెట్టాడు. ఆకులు మూడోవంతు పండాక చెట్టు కొట్టడం, గజం ముక్కలుగా కోయడం, దుంగ నిండా చిల్లులు తొలిచి విత్తనం పట్టిన చెక్క బిరడాలు దిగ్గొట్టడం, రెండు వేసవులు పడుకోబెట్టి ఆపైన దేవదారు చెట్ల నీడలో ఒకదానికొకటి ఆనించి నిలబెట్టడం, ఇవన్నీ ఊరికి తెలియనప్పుడు అతనికి తెలుసు. ఎయ్‌సాకు నల్లటి చేతులు కడుక్కోకుండానే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. “బావా, నాకూ నేర్పు,” అన్నాడు.

తొకుజిరో నేర్పాడు. నేర్పడమంటే అలా ఇలా కాదు. నాలుగు చలికాలాలు, పొయ్యి పక్కన, వేడి సాకె సారా గుక్క గుక్కకీ ఒక పాఠం. బావ నోరు తెరుచుకుని వింటుంటే తెలిసినవి చెప్పాడు, ఎక్కడో విన్నవి చెప్పాడు, సాకె బాగా తలకెక్కినప్పుడు అప్పటికప్పుడు తోచినవీ చెప్పాడు. అంత సుఖపడ్డ రోజులు అతనికి మళ్ళీ రాలేదు.

ఏటా మే నెల మొదట్లో, చెర్రీ పూలు రాలే వేళకి, సహకార సంఘం గోదాములో పోటీ పెడతారు. పండించినవాళ్ళు తలా ఒక జల్లెడ ఎండు పుట్టగొడుగులు తెస్తారు. గొడుగులా విప్పుకున్న పల్చటివి ఎవరైనా పండిస్తారు. వాటిని పులుసులో వేసుకోవడానికే గానీ చూపించుకోవడానికి తేరు. చలిలో మొండికేసి నిదానంగా పెరిగి, అంచులు లోపలికి ముడుచుకుని, పిడికిలిలా గట్టిగా ఉండేదాన్ని దొంకో అంటారు. ఆ దొంకో నెత్తి ఎండుగాలికి పగిలి, లోపలి తెలుపు పూలరేకుల్లా బయటపడితే ఇక దానికి మించింది లేదు. అలాంటివి జల్లెడ నిండా తెచ్చినవాడికి మొదటి స్థానం.

మొదటి స్థానం అంటే ఒక కాగితమూ, ఒక సాకె బుడ్డీ. వాటి కోసం ఎవరూ చావరు. అసలు సంగతి మర్నాడు పొద్దున ఉంటుంది. గెలిచిన పుట్టగొడుగులు ఎర్ర లక్క పళ్ళెంలో పెట్టి, కొండ మీది రాతిగుడికి ఊరేగింపుగా తీసుకెళ్ళి అమ్మవారికి పెడతారు. పళ్ళెం పట్టుకున్నవాడు అందరికంటే ముందు నడుస్తాడు. గుడి ముందు నిలబడి, ఫలానా ఇల్లు, ఫలానా మనిషి పండించాడని గొంతెత్తి చెప్తాడు. పదకొండేళ్ళ పాటు ఆ నడకా ఆ గొంతూ తొకుజిరోవే.

పన్నెండో ఏడు ఎయ్‌సాకు గెలిచాడు. తొకుజిరో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. పదమూడో ఏడూ ఎయ్‌సాకే. చప్పట్లు కొట్టాడు గానీ చేతులు అంతగా కలవలేదు. పద్నాలుగో ఏడు ఎయ్‌సాకు జల్లెడ చుట్టూ జనం మూగిపోయి, తొకుజిరో జల్లెడ మీద ఎవడో తన టోపీ పెట్టి మరీ చూడ్డానికి పోయాడు.

“వాగవతల ఎయ్‌సాకు చెయ్యి తగిలితే గడపకి కూడా మొలుస్తాయిరా,” అన్నాడొకడు.

తొకుజిరో ఆ టోపీ తీసి కింద పెట్టాడు. మర్యాదగానే పెట్టాడు, గుమ్మం బయటి బురదలో.

ఆ సాయంత్రం హత్సుయె అన్నం గిన్నె ముందుకి జరిపింది. “ముల్లంగి ఊరగాయ వేసుకో.”

“నాకొద్దు.”

“అన్నయ్యకే వచ్చిందన్నమాట.”

“నీకెవరు చెప్పారు?”

“నువ్వే. చెప్పులు అంత దూరం విసిరావుగా.”

“వాడేదో చేస్తున్నాడే. మామూలుగా రావు అలాంటివి. ఏదో కలుపుతున్నాడు.”

“పోయి అడుగు. బావేగా, కొరకడు.”

తొకుజిరో అడిగాడు. అడగడానికి నెల రోజులు పట్టింది, అది వేరే సంగతి. ఎయ్‌సాకు వాగులో పార కడుక్కుంటుంటే, ఊరికే అటుగా వచ్చినట్టు వచ్చి, వాగు గురించీ చేపల గురించీ కాసేపు మాట్లాడి, వెళ్ళిపోతూ వెనక్కి తిరిగాడు.

“బావా, దుంగలకి ఏం చేస్తున్నావేంటి ఈమధ్య?”

“ఏముంది బావా, నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను.”

“నేనేం చెప్పాను?”

“అదేంటి? నువ్వు చెప్పిందే.”

ఎయ్‌సాకు మొహంలో వెటకారం కోసం తొకుజిరో వెతికాడు. దొరకలేదు. దొరికినా బాగుండేది, తిట్టి పోయేవాడు. ఇప్పుడు ఇంకో మంట మొదలైంది. తను ఏం చెప్పాడు? నాలుగు చలికాలాల్లో అన్ని మాటల్లో ఏ మాట పని చేస్తోంది? పొలంలో ఉన్నా, నీళ్ళ తొట్టెలో గడ్డం దాకా మునిగి కూచున్నా అదే ఆలోచన. బియ్యం కడిగిన నీళ్ళు పోయమన్నట్టు లీలగా గుర్తొచ్చి, ఒక నెల పోశాడు. అడవిపంది వచ్చి సగం దుంగలు పడదోసి పోయింది. దుంగల తలలు తూర్పుకి ఉండాలని చెప్పినట్టు అనిపించి, ఆరు వందల దుంగలూ తూర్పుకి తిప్పాడు. నడుం పట్టేసింది. పుట్టగొడుగులు మాత్రం ఎప్పటిలాగే నల్లగా, తడిగా, చదునుగా వచ్చాయి.

మూడు నాలుగేళ్ళ కిందట, మోకాళ్ళు నొప్పెట్టడం మొదలయ్యాక అతను తన దుంగల్ని పై గట్టు నుంచి రోడ్డు పక్క పల్లంలోకి దించుకున్నాడు. ఎయ్‌సాకువి ఇంకా ఆ పై గట్టు మీదే ఉన్నాయి. రెంటి మధ్యా ఒక గడ్డితాడు కట్టి ఉంటుంది, అదే సరిహద్దు. తాడు దాటి ఒకరి చోటుకి ఒకరు పోకపోవడం మా దగ్గర పెద్ద మర్యాద. తొకుజిరో రోజూ ఆ తాడు దాకా వెళ్ళి, బూటు ముడి విప్పి మళ్ళీ కట్టుకుంటూ పైకి చూసేవాడు. ఆ ఏడాది అతని బూటు ముళ్ళు చాలా గట్టిగా ఉండేవి.

దుంగలు దించినప్పుడే, పనికిరావని తోచిన ఎనిమిదింటిని పొయ్యిలోకని ఇంటికి తెచ్చి పడేశాడు. హత్సుయె వాటిని పొయ్యిలో పెట్టలేదు. స్నానాల పాక వెనక, ఉత్తరపు గోడకి, చూరు కింద ఆనించి పెట్టింది. తొకుజిరో అటు వెళ్ళినప్పుడల్లా కాలి బొటనవేలు తగిలించుకుని తిట్టేవాడు.

“ఎందుకే ఈ పీనుగల్ని ఇక్కడ పెట్టావు?”

“నీకేం అడ్డం? నువ్వటు చూసి నడువు.”

అలా చలికాలం గడిచింది. మంచు కరుగుతోంది. పాత పంచాంగం ప్రకారం మూడో నెల పన్నెండో రోజు దగ్గరకొచ్చింది.

ఆ రోజు మా ఊళ్ళో ఎవరూ కొండలో అడుగుపెట్టరు. అమ్మవారు తన చెట్లు లెక్కపెట్టుకునే రోజది. ఒక్కొక్క చెట్టునీ వేలితో తట్టి మరీ లెక్కపెడుతుంది. ఆ సమయంలో మనిషి ఎవడైనా దొరికితే వాణ్ణీ చెట్టుగానే లెక్కలో వేసేసుకుంటుంది. ఇక వాడు ఇంటికి రాడు. అమ్మవారికి కోపం ఎక్కువ, అసూయ ఇంకా ఎక్కువ. తను అందగత్తె కానని ఆవిడకి తెలుసు. అందుకే ఆడవాళ్ళు గుడి మెట్ల కిందే ఆగిపోవాలి. మరీ కోపం వస్తే చూపించడానికని ఊరిపెద్ద ఇంట్లో పెట్టెలో ఒక ఎండబెట్టిన సముద్రపు చేపని దాచి ఉంచారు. మొహం నిండా ముళ్ళూ బొడిపెలూ, చూస్తే అన్నం సయించదు. తనకంటే అనాకారి ఇంకోటి ఉందని చూసుకుని అమ్మవారు నవ్వుకుంటుంది, క్షమిస్తుంది.

ఆ రోజు మగవాళ్ళంతా ఊరిపెద్ద ఇంట్లో చేరి తాగుతారు. కొండ ఖాళీగా ఉంటుంది.

ఆ ఖాళీ గురించి తొకుజిరో ఒక వారంగా ఆలోచిస్తున్నాడు. పిడుగు పడ్డ ఏడాది దుంగలు విరగపూస్తాయని మావాళ్ళందరికీ తెలుసు. చెక్క సుత్తితో దుంగ నెత్తిన కొడితే దానికి అదే పిడుగు. పదో పరకో నిదానంగా రావలసింది పోయి, ఒక్కసారిగా వందలు పొడుచుకొస్తాయి. వచ్చినవి ఒకదాన్నొకటి తోసుకుంటూ, బక్కగా, పల్చగా విప్పుకుంటాయి. దొంకో కావాలనుకున్నవాడు వసంతంలో దుంగ మీద చెయ్యి కూడా వెయ్యడు. ఎయ్‌సాకు దుంగలకి ఎవరైనా పిడుగు చూపిస్తే ఈ ఏడు పళ్ళెం వాగు అవతలికి పోదు.

పన్నెండో రోజు పొద్దున తొకుజిరో పొట్ట పట్టుకున్నాడు. “నేను రాలేను. నిన్నటి చేప పడలేదు.”

“నిన్న మనం చేప తినలేదు,” అంది హత్సుయె, పిండి బూరెల గంప ఎత్తుకుంటూ. ఆడవాళ్ళకి వేరే ఇంట్లో విందు. “సరే, పడుకో.”

ఆమె మలుపు తిరగ్గానే అతను లేచి కొట్టులోంచి సుత్తి తీసుకున్నాడు. మా ఊళ్ళో ప్రతి ఇంటి పనిముట్టు పిడి మీదా ఆ ఇంటి గుర్తు కాల్చి ఉంటుంది. తొకుజిరో ఇంటిది గుండ్రంలో అడ్డగీత. దాన్ని కోటులో దూర్చి, రోడ్డు వదిలి వెనక దారిన, మంచు మిగిలిన చోటల్లా జారుతూ పై గట్టుకి ఎక్కాడు. తాడు దాటేటప్పుడు తల వంచి దణ్ణం పెట్టాడు. ఎవరికో అతనికే తెలియదు.

ఎయ్‌సాకు దుంగలు చూసేసరికి చెయ్యి ఆడలేదు. చక్కగా, ఊపిరాడేలా, దూరం దూరంగా నిలబెట్టి ఉన్నాయి. గట్టు మీది గాలి వాటి మధ్యలోంచి ఈల వేసుకుంటూ పోతోంది. తను ఒకప్పుడు నిలబెట్టినట్టే ఉన్నాయి. అది గుర్తుకు రావడంతో కోపం మళ్ళీ వచ్చి చెయ్యి తిన్నగా అయింది. టక్. ఒకటి. టక్. రెండు. కొడుతున్నకొద్దీ ఉత్సాహం పెరిగింది.

నూట నలభై దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

టక్.

అది అతను కొట్టింది కాదు. కింది నుంచి వచ్చింది.

టక్. టక్. కాసేపు ఆగి, మళ్ళీ టక్. తొందరేం లేకుండా, ఒకదాని తరవాత ఒకటి. లెక్కపెడుతున్నట్టు.

తొకుజిరో కాళ్ళు దగ్గరికి చేర్చి, చేతులు ఒంటికి ఆనించి కదలకుండా నిలబడ్డాడు. అలా నిలబడితే చెట్టనుకుంటుందేమోనని భయమేసి చటుక్కున కూచున్నాడు. కూచుంటే మోడు అనుకుంటుందేమోనని మళ్ళీ లేచాడు. తల్లీ, హత్సుయెకి ఒక్కదానికి పైకప్పు మీది మంచు తోయడం చేతకాదు, అని లోపల మొక్కుకున్నాడు. టక్. టక్.

ఇంతలో అమ్మవారు దగ్గింది.

బొగ్గుబట్టీ దగ్గర బడి ఈడు నుంచీ పొగ మింగినవాడి దగ్గు. తొకుజిరోకి ఆ దగ్గు చిన్నప్పటినుంచీ తెలుసు. దుంగల సందులోంచి తొంగిచూశాడు. కింద పల్లంలో, అతని దుంగల మధ్య, మోకాళ్ళ మీద పాకుతూ, ఒక్కొక్కదాని నెత్తినా సుత్తితో కొడుతున్నాడు ఎయ్‌సాకు.

ప్రాణం తిరిగొచ్చినందుకు సంతోషించాలో, ఒళ్ళు మండిపోవాలో తెలియలేదు. రెండూ ఒకేసారి వచ్చాయి.

“ఏయ్ బావా,” అని అరిచాడు. “అవి నా దుంగలు.”

ఎయ్‌సాకు ఎగిరిపడి వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడు పడ్డచోటే చేతులు జోడించాడు. “తప్పయిపోయింది తల్లీ, లెక్కెయ్యకు.”

“తల్లీ కాదు గిల్లీ కాదు, నేను.”

ఎయ్‌సాకు కళ్ళు చిట్లించి పైకి చూశాడు. తొకుజిరోని చూశాడు, చేతిలో సుత్తి చూశాడు, అతను నిలబడ్డ చోటు చూశాడు. నిదానంగా లేచి ప్యాంటు దులుపుకున్నాడు. “నీకు పొట్టలో నొప్పన్నారే.”

“నీకు?”

“నడుం నొప్పి.”

ఇద్దరూ తాడు దగ్గరికి వచ్చారు. ఇద్దరూ తప్పు చోటు నుంచి వచ్చారు కాబట్టి తాడు దాటితే గానీ ఎవరి చోటు వాళ్ళకి రాలేదు. దాటారు. తాడుకి అటొకరు ఇటొకరు మంచు మీద చతికిలబడ్డారు.

“నువ్వెందుకురా ఇలా?” అన్నాడు తొకుజిరో. “మూడేళ్ళుగా నీదేగా పళ్ళెం. ఇంకేం కావాలి నీకు?”

“పళ్ళెం నాదే. పేరు నీది.”

“అదేంటి?”

“నాకు మొదటిది వచ్చిన ప్రతిసారీ జనం ఏమంటారో తెలుసా? ‘వస్తుందిలే, తొకుజిరో నేర్పాడుగా’ అంటారు. మా ఇంటికే వచ్చి, నా టీ తాగి, నా ఊరగాయ తిని, నిన్ను పొగిడి పోతారు. ఒకటా రెండా, మూడేళ్ళు. ఒక్క ఏడు నీవి నాశనమైతే, నేర్పినవాడికే చేతకాలేదు, ఎయ్‌సాకు సొంతంగానే చేస్తున్నాడు అనుకుంటారని.”

తొకుజిరో తాడు వైపు కొంచెం జరిగాడు. “నా దగ్గర ఆ మాట ఒక్కడూ అనలేదు.”

“నీ దగ్గరెందుకంటారు? నాకు మండాలి కదా.”

“ఏమంటారు? మళ్ళీ ఒకసారి చెప్పు.”

“చెప్పాగా.”

“మొదటి ముక్క సరిగ్గా వినపడలేదు.”

ఎయ్‌సాకు పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ చెప్పాడు. తొకుజిరో నవ్వు ఆపుకోవడానికి సుత్తి పిడి కొరికాడు. అంతలో దేవదారు కొమ్మ మీది మంచు ముద్ద ఒకటి దబ్బున ఇద్దరి మధ్యా పడింది. ఇద్దరూ ఉలిక్కిపడి పైకి చూశారు.

“లెక్కలో పడిపోయామంటావా?” అన్నాడు ఎయ్‌సాకు గొంతు తగ్గించి.

“చేప తెద్దామంటే పెట్టె ఊరిపెద్ద ఇంట్లో ఉంది. ఊరంతా అక్కడే ఉంది.”

“చేప ఎందుకు? నువ్వున్నావుగా. నీ మొహం చూపిస్తే చాలు.”

“నా మొహమా? అద్దం అమ్మేశావా ఏంటి? చిన్నప్పుడు నిన్ను చూసి పంతులుగారి కుక్క ఏడ్చింది.”

రాతిగుడి అక్కడికి పిలుపు దూరమే. పోయి, ఇద్దరూ పక్కపక్కన మోకాళ్ళ మీద కూచుని, గుడి వైపు మొహాలు వికారంగా పెట్టారు. ఎయ్‌సాకు కనురెప్పలు వెనక్కి మడిచాడు. తొకుజిరో పై పళ్ళ సెట్టు తీసేసి పెదాలు లోపలికి మింగాడు. ఎయ్‌సాకు పక్కకి చూసి ఓడిపోయానని ఒప్పుకున్నాడు. ఈ ఒక్క విషయంలో మొదటి స్థానం వచ్చినందుకు తొకుజిరో పెద్దగా సంతోషించలేదు.

“నువ్వు నన్ను చూడలేదు,” అన్నాడు ఎయ్‌సాకు విడిపోయేటప్పుడు.

“నేను ఇంట్లో పడుకునున్నాను,” అన్నాడు తొకుజిరో.

తాడు దగ్గర మంచు మీద పడున్న సుత్తుల్లో చేతికందింది ఒకటి తీసుకుని చెరో దారినా దిగిపోయారు.

మూడు వారాలకి రెండు చోట్లా దుంగలు కనపడకుండా పుట్టగొడుగులు విరుచుకుపడ్డాయి. వేలెడంతవి, చెవి తమ్మెల్లా పల్చనివి, వందలు, వేలు. ఎదిగీ ఎదగకుండానే విప్పుకున్నాయి. ఊరంతా వచ్చి చూసి పోయింది. తొకుజిరో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కోస్తూనే ఉన్నాడు. పైన గట్టు మీద దగ్గు వినిపిస్తూనే ఉంది.

పోటీ రోజు గోదాములో, జిల్లా నుంచి వచ్చిన నిట్టా గారు ఇద్దరి జల్లెడల్లోనూ చెయ్యి పెట్టి కలియబెట్టారు. నాణ్యం చూసే పని ఆయనది. ఎండుటాకులు తిరగేసినట్టు గలగలమన్నాయి.

“ఏమయ్యా, మీ ఇద్దరి దుంగల మీదా పిడుగు పడిందా? మిగతా ఊళ్ళో ఉరుము కూడా వినపడలేదంటున్నారే.”

“కొండలో వాతావరణం అండీ,” అన్నాడు ఎయ్‌సాకు. “చెప్పలేం.”

తొకుజిరో కిటికీలోంచి కొండ వైపు చూస్తున్నాడు, చాలా శ్రద్ధగా. సరే, పళ్ళెం తనకి రాదు. వాడికీ రాదు. కడుపులో చాలాకాలానికి చల్లగా ఉంది. ఆ చల్లదనం నిట్టా గారు మూలనున్న జల్లెడ మీది గుడ్డ తీసేదాకా ఉంది.

జనం ముందుకి తోసుకొచ్చారు. ఇరవైకి మించి లేవు. పిడికిలంత ఒక్కోటి, అంచులు బిగించి ముడుచుకుని, నెత్తి మీద తెల్లగా పూసినట్టు పగుళ్ళు. నిట్టా గారు ఒకదాన్ని తీసి బల్ల మీద తట్టారు. గులకరాయిలా మోగింది. చీటీ చదివారు.

“వాగివతలి ఇల్లు. హత్సుయె.”

ఆమె తలుపు దగ్గర మిగతా ఆడవాళ్ళతో నిలబడి ఉంది, చేతులు నడుం గుడ్డకి తుడుచుకుంటూ. తొకుజిరో జనాన్ని తోసుకుంటూ వెళ్ళాడు.

“ఎక్కడివే ఇవి?”

“స్నానాల పాక వెనకవి. నీకు బొటనవేలికి తగిలేవి.”

“ఏం చేశావు వాటికి?”

“నువ్వు చెప్పినట్టే చేశాను. ఎండుగాలి తగలాలి, వాన తగలకూడదు, ఊరికే చెయ్యి పెట్టకూడదు. అన్నయ్యకి రాత్రిళ్ళు చెప్పేవాడివిగా. ఆ సాకె వేడి చేసి పోసింది ఎవరనుకున్నావు?”

వెనక ఎయ్‌సాకుకి దగ్గు తెర వచ్చింది. దగ్గో నవ్వో తెలియలేదు. మూలనుంచి ఎవడో అన్నాడు. “వస్తుందిలే, తొకుజిరో నేర్పాడుగా.” మొదటిసారిగా ఆ మాట తన చెవులతో విన్నాడు తొకుజిరో. ఎంత ఎదురుచూశాడో. విన్నాక చూస్తే అది హత్సుయె మొహం మీద పడి, ఆమె నవ్వు కొంచెం తగ్గింది. ఎయ్‌సాకు ఎందుకు సుత్తి పట్టుకొచ్చాడో అతనికి అప్పుడు అర్థమైంది.

మర్నాడు ఊరేగింపు. గెలిచింది ఆడది, గుడి దాకా పోకూడదు. కాబట్టి పళ్ళెం ఆ ఇంటి మగవాడు మోయాలని ఊరిపెద్ద తేల్చాడు. అలా నాలుగేళ్ళ తరవాత ఎర్ర పళ్ళెం తొకుజిరో చేతుల్లోకి వచ్చింది. అందరికంటే ముందు నడిచాడు. వెనకే ఎయ్‌సాకు, ఎందుకైనా మంచిదని చేప పెట్టె పట్టుకుని నడుస్తున్నాడు. మెట్ల కింద ఆడవాళ్ళు ఆగిపోయారు. హత్సుయె అతని కాలర్ సరిచేసింది. “జాగ్రత్త, పైన జారుతుంది. నీకు తెలుసుగా,” అంది. అతని అడుగు తడబడింది.

రాతిగుడి ముందు నిలబడ్డాడు. కింది నుంచి చూస్తే మొక్కుకుంటున్నట్టే ఉంటుంది. పైన ఉన్నది పదిమంది మగవాళ్ళు, అందులో సగానికి చెవుడు. ఇంటి పేరు ఎలాగూ ఒకటే. చివర తన పేరు తగిలిస్తే అడిగేవాడెవడు? దుంగలు తనవి, చెట్టు కొట్టింది తను, బిరడా దిగ్గొట్టింది తను, మాట కూడా తనదే. ఇరవై తెల్లపూల పుట్టగొడుగులు పళ్ళెంలోంచి అతన్ని చూస్తున్నాయి. నోరు తెరిచాడు.

“చెప్పు బావా,” అన్నాడు ఎయ్‌సాకు మెల్లగా. “ఎవరి పేరైనా చెప్పు. నేను వినను.”

ఆ మాటకే అతనికి సిగ్గేసింది. గొంతు సవరించుకున్నాడు.

“వాగివతలి ఇల్లు,” అన్నాడు గట్టిగా. “హత్సుయె పండించింది.”

గాలి ఒక్కసారి విసురుగా వచ్చింది. మగవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ గుడి ముందు ఆడపేరు చెప్పడం అదే మొదటిసారి. అమ్మవారికి ఆడవాళ్ళంటే గిట్టదని అప్పుడు గుర్తొచ్చింది తొకుజిరోకి. భయపడి, ఆవిడకి నచ్చచెప్పాలని, ఇంకా గట్టిగా అందుకున్నాడు.

“పెద్ద అందగత్తె ఏం కాదు తల్లీ. ముక్కు చప్పిడి. నడక కూడా బాతు నడక. కోపగించుకోకు.”

గాలి ఆగిపోయింది. అమ్మవారు శాంతించిందని అందరూ తలలు వంచారు. ఆ నిశ్శబ్దంలో మెట్ల కింద ఆడవాళ్ళంతా పగలబడి నవ్వడం స్పష్టంగా వినిపించింది. వాళ్ళలో ఒక్క గొంతు మాత్రం లేదు.

దిగి వచ్చేసరికి హత్సుయె చేతిలో ఏదో గుడ్డలో చుట్టి పట్టుకుని ఉంది. గుడ్డ విప్పి, మొగుణ్ణి దాటి, ఎయ్‌సాకు చేతిలో పెట్టింది. చెక్క సుత్తి. పిడి మీద కాల్చిన గుర్తు వాగు అవతలి ఇంటిది.

“మా కొట్టులో ఉంది అన్నయ్యా, పన్నెండో రోజు నుంచీ. మాది మీ ఇంట్లో ఉంటుంది, పంపించు.” తొకుజిరో వైపు తిరిగింది. “బాతు నడకతో ఇంటికి పోవాలంటే ఆలస్యమవుతుంది. నువ్వు ముందు పోయి అన్నం వండు.”

వండాడు. కొంచెం మాడింది. ఆమె ఏమీ అనకుండా తింది, ముల్లంగి ఊరగాయ కూడా అతని వైపు జరిపింది.

మర్నాడు పొద్దున ఆమె వాగుకి వెళ్ళగానే అతను ఊరికే అటుగా పోయినట్టు స్నానాల పాక వెనక్కి వెళ్ళాడు. ఎనిమిది దుంగలూ ఉత్తరపు గోడకి ఆనుకుని, చూరు కింద పొడిగా ఉన్నాయి. ఒకదాని మీద చిటికెనవేలి గోరంత కొత్తది పొడుచుకొస్తోంది. దగ్గరగా చూడాలని ముందుకి వంగాడు. నడుముకి ఏదో అడ్డం తగిలింది.

కొత్త గడ్డితాడు. ఈ చివర నుంచి ఆ చివరకి, బిగించి కట్టి ఉంది.

తొకుజిరో అటూ ఇటూ చూశాడు. తాడు ఇవతలే కూచుని, బూటు ముడి విప్పడం మొదలుపెట్టాడు.